ఉప్పుగాలిలో ఇనుము: తడి ఎక్కడ నిలుస్తోందో, ఉప్పు ఎక్కడ పేరుకుంటోందో ముందు చూడండి

సముద్రం గాలి తగిలే చోట ఉన్న ఏదైనా స్టీల్ దూలాన్ని ఒకసారి పైనుంచి, తర్వాత వంగి కిందనుంచి చూడండి. వాన నేరుగా పడి నీళ్లు జారిపోయే పైభాగం ఓ మోస్తరుగా బాగానే ఉంటుంది, వాన చుక్క కూడా తగలని అడుగుభాగం మాత్రం పొరలు పొరలుగా ఊడొస్తూ ఉంటుంది. కారణం తేలికే. పైన పడిన ఉప్పును వాన కడిగేస్తుంది, ఎండ ఆరబెడుతుంది. అడుగున పడిన ఉప్పు అక్కడే ఉండిపోతుంది, నెలనెలా పెరుగుతుంది, రాత్రిపూట గాలిలోని తేమను లాక్కుని తడిగా మారుతుంది. అందుకే ఏ పెయింట్ వేయాలి, ఎన్ని కోట్లు వేయాలి అనే ప్రశ్నలకంటే ముందు రెండు ప్రశ్నలు వేసుకోమంటాను: ఇక్కడ తడి ఎంతసేపు నిలుస్తోంది, ఉప్పు ఎక్కడ పేరుకుంటోంది? ఈ రెండూ తెలియకుండా ఎంత ఖరీదైన పెయింట్ కొట్టినా డబ్బు దండగే.

తుప్పు పట్టాలంటే లోహం, ఆక్సిజన్, వాటి మధ్య కరెంటు ప్రవహించడానికి ఓ పలుచని నీటిపొర ఉంటే చాలు. ఆ నీటిపొర కంటికి కనబడనంత పలుచగా ఉన్నా సరిపోతుంది. మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటగానే నీళ్లు పీల్చుకుని కరుగుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది 33 శాతం తేమ దగ్గరే తడిసిపోతుంది. ఆరిపోయినట్టు కనిపించే ప్లేటు మీద కూడా తుప్పు పని సాగుతూనే ఉంటుందన్నమాట. దీనికి వేడి తోడైతే ఆ చర్యల వేగం ఇంకా పెరుగుతుంది. పైగా క్లోరైడ్‌కి ఇంకో గుణం ఉంది, స్టెయిన్‌లెస్ స్టీల్ మీద, కాంక్రీటులోని కడ్డీ మీద సహజంగా ఏర్పడే రక్షణ పొరను అక్కడక్కడా పొడిచి చిన్న గుంటలు చేస్తుంది. వేడి, తేమ, ఉప్పు మూడూ కలిసిన చోట పొడి వాతావరణానికి రాసిన స్పెసిఫికేషన్ పనికిరాదు.

మీ సైటు ఎంత ఘాటుగా ఉందో కొలవండి

గాలి వల్ల పట్టే తుప్పును ఐఎస్ఓ 9223 ప్రమాణం సి1 నుంచి సి5 దాకా, ఆ పైన సిఎక్స్ అని వర్గాలుగా విడదీస్తుంది. మామూలు కార్బన్ స్టీల్ మొదటి ఏడాదిలో ఒక్కో వైపు ఎంత మందం పోగొట్టుకుంటుందన్నదే లెక్క. సి3లో 25 నుంచి 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), సి4లో 50 నుంచి 80, సి5లో 80 నుంచి 200, సిఎక్స్‌లో 200 నుంచి 700. సి3 అనుకుని కొన్న సామాను సిఎక్స్‌లో పెడితే ఏమవుతుందో ఈ అంకెలే చెబుతున్నాయి.

ఇది అంచనాతో వదిలేయాల్సిన విషయం కాదు, కొలవడం అంత కష్టమూ కాదు. 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు ఉన్న మామూలు స్టీల్ ప్లేట్లు కొన్ని కోయించండి. నూనె లేకుండా శుభ్రం చేసి, నంబరు కొట్టి, మంచి కాటాలో తూచి రాసుకోండి. ప్లాస్టిక్ లేదా పింగాణీ ఇన్సులేటర్ల మీద, వేరే లోహం తగలకుండా, సైటులో తేడా ఉన్న చోట్లన్నిట్లో కట్టండి: సముద్రం వైపు, లోపలి వైపు, షెడ్డు చూరు కింద, కూలింగ్ టవర్ పక్కన. ఏడాది తర్వాత తీసి, ఇన్హిబిటర్ (మంచి లోహం కరగకుండా ఆపే మందు) కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తుప్పు మాత్రం పోయేలా శుభ్రం చేయించి మళ్లీ తూచండి (ఆమ్లం పని ల్యాబ్‌లో చేయించడం మేలు). రెండు వైపులా కలిపి ప్లేటు వైశాల్యం 0.03 చదరపు మీటర్లు. 20 గ్రాములు తగ్గిందనుకోండి, చదరపు మీటరుకి సుమారు 667 గ్రాములు. దాన్ని స్టీల్ సాంద్రత 7.86తో భాగిస్తే దాదాపు 85 మైక్రాన్లు, అంటే మీరున్నది సి5. ఇలా చేసినప్పుడు ఒకే ప్రహరీ లోపల రెండు మూడు వర్గాలు బయటపడటం మామూలే, ఎందుకంటే గాలిలో ఉప్పు ఒడ్డు నుంచి లోపలికి వెళ్లేకొద్దీ చాలా వేగంగా తగ్గుతుంది. కెరటాలు విరిగే ఒడ్డుకి ఎదురుగా ఉన్న గోడకీ, దాని వెనకున్న స్టోర్స్‌కీ ఒకే స్పెసిఫికేషన్ రాయడం రెండు రకాలుగా నష్టం.

ఏడాది ఆగే వీలు లేకపోతే సైటులో ఇప్పటికే ఉన్నవాటిని చూడండి. పాత గాల్వనైజ్డ్ (జింకు పూత ఉన్న) రెయిలింగులు, కేబుల్ ట్రేలు, దీపాల స్తంభాల మొదళ్లు ఎన్నేళ్లలో ఎర్రబడ్డాయో కనుక్కుంటే చాలా వరకు అర్థమవుతుంది.

నీళ్లు నిలిచే ఆకారాలు తీసేయండి

డ్రాయింగ్ దశలో ఖర్చు లేకుండా దొరికే రక్షణ ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. చానెల్ (U ఆకారం), యాంగిల్ (L ఆకారం) లాంటివి నోరు పైకి తెరిచి పెట్టకండి, నీళ్లూ దుమ్మూ ఉప్పూ అందులోనే కూర్చుంటాయి. బోర్లా పెట్టలేకపోతే డ్రెయిన్ హోల్ కొట్టండి, ఆ హోల్ అట్టడుగున ఉండాలి, చిన్న ఆకు పడితే మూసుకుపోయేంత సన్నగా ఉండకూడదు. వీపులు కలిపి బిగించిన రెండు యాంగిళ్ల మధ్య బ్రష్ దూరని సందు మిగిలితే అది కచ్చితంగా తుప్పు పడుతుంది, అక్కడ ఒకే సెక్షన్ వాడండి లేదా సందును పూర్తిగా వెల్డ్ చేసి మూసేయండి. టాకా వెల్డింగులు, అంటే అక్కడక్కడా వేసి వదిలేసినవి, ఈ వాతావరణంలో వద్దు. గొట్టపు సెక్షన్లు రెండు చివర్లా గాలి చొరకుండా మూయాలి (గాల్వనైజింగ్‌కి పంపేవైతే మాత్రం వెంట్ హోల్స్ తప్పవు, అవి లేకపోతే వేడి జింకు తొట్టిలో పేలే ప్రమాదం ఉంది).

సందులో దాగే తేమ ఎంత పని చేస్తుందో చెప్పడానికి 1988 ఏప్రిల్ 28న హవాయిలో జరిగిన అలోహా ఎయిర్‌లైన్స్ ప్రమాదం గుర్తు చేస్తాను. గాలిలో ఉండగానే ఆ బోయింగ్ 737 పైకప్పు ముందుభాగం ఊడిపోయింది, క్యాబిన్ సిబ్బందిలో ఒకరు చనిపోయారు. దీవుల మధ్య పొట్టి ప్రయాణాలు, ఎప్పుడూ ఉప్పుగాలి, తడి. రేకుల అతుకుల్లో బంధం వదులై, తేమ చేరి, తుప్పూ, పదేపదే ఒత్తిడి పడి లోహానికి వచ్చే అలసట పగుళ్లూ కలిసి పెరిగాయి. పైకి రంగు వేసిన విమానమే అది.

పైపు సపోర్టుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. గుండ్రటి పైపు చదునైన దూలం మీద కూర్చున్న చోట రెండు వైపులా సన్నటి కోణం ఏర్పడుతుంది. పైపు వేడికి సాగి, చల్లబడి కుదించుకుంటూ కదిలినప్పుడల్లా అక్కడి పెయింట్ అరుగుతుంది. ఆ కోణంలోకి నీళ్లు ఎక్కుతాయి, దిగవు. కొన్నేళ్లకి పైపు మొత్తం తళతళలాడుతూ ఉండి, ఆ ఒక్క గీత దగ్గర మాత్రం మందం సగానికి పడిపోయి ఉంటుంది, పైకెత్తి చూస్తే తప్ప తెలియదు. దీనికి చాలామంది రబ్బరు షీటు పెడతారు. దయచేసి పెట్టకండి, అది తడిని పట్టి ఉంచుతుంది. గట్టి ప్లాస్టిక్‌తో చేసిన అర్ధగుండ్రటి రాడ్ దూలం మీద బిగించి దాని మీద పైపు కూర్చోబెడితే ఆనే చోటు ఒక గీతంత అవుతుంది, గాలి ఆడుతుంది, నీళ్లు జారిపోతాయి.

కడగడం కూడా మెయింటెనెన్సే

మంచినీళ్లతో కడగడమంత చవకైన తుప్పు నివారణ ఇంకొకటి లేదు, అయినా షెడ్యూల్‌లో దీనికి చోటు ఉండదు. వాన తగలని చోట్లకే ముందు వెళ్లండి: చూరు అడుగు, దూలాల అడుగు అంచులు, మెట్ల కింద, క్రేన్ గర్డర్ల లోపలి వైపు, ఏసీ కండెన్సర్ల రెక్కలు. నెలకోసారైనా కడిగితే తేడా కనిపిస్తుంది, ఒడ్డుకి ఎదురుగా ఉన్న యంత్రాలకి ఇంకా తరచుగా కావాలి. తక్కువ ప్రెజర్ చాలు, పైనుంచి కిందికి, అడుగున ఉప్పు నీళ్లు నిలవకుండా పారేలా చూసుకోవాలి. నీళ్ల కండక్టివిటీ (కరెంటు ప్రవహించే గుణం, ఉప్పు ఉంటే పెరుగుతుంది) మాత్రం ముందు చూడండి, సముద్రం దగ్గరి బోరు నీళ్లు ఒక్కోసారి అవే ఉప్పగా ఉంటాయి. వేడిగా ఉన్న స్టెయిన్‌లెస్ మీద అలాంటి నీళ్లు పోస్తే నీళ్లు ఆవిరై ఉప్పు అక్కడే చిక్కబడుతుంది.

పెయింట్: గెలుపు ఓటములు బ్రష్ పట్టకముందే తేలిపోతాయి

పెయింట్ ముందుగా ఊడిపోవడానికి ఎక్కువసార్లు కారణం డబ్బాలో ఉన్నది కాదు, పెయింట్ కింద మిగిలిపోయిన ఉప్పు. కింద ఉప్పుంటే పెయింట్ పొర గుండా తేమను లాగుతుంది, బొబ్బలు లేస్తాయి, బొబ్బ పగిలితే లోపల నల్లటి నీళ్లు, తుప్పు. డ్రై బ్లాస్టింగ్‌తో, అంటే గట్టి రజనును గాలితో జోరుగా కొట్టి, స్టీల్ తెల్లగా మెరిసినా గుంటల అడుగున ఉన్న ఇనుప క్లోరైడ్ పోదు. కాబట్టి వరస ఇలా ఉండాలి: ముందు నూనె, గ్రీజు తీసేయడం, ఆ తర్వాత మంచినీళ్లతో హై ప్రెజర్ కడుగుడు, ఆ తర్వాత బ్లాస్టింగ్. పాత గుంటలు పడ్డ స్టీల్ అయితే బ్లాస్ట్ చేసి ఒక రాత్రి అలాగే వదిలేయండి. పొద్దున చూస్తే ఉప్పు మిగిలిన గుంటల చుట్టూ నల్లటి లేదా ఎర్రటి మచ్చలు తేలతాయి. అక్కడ మళ్లీ కడిగి, మళ్లీ బ్లాస్ట్ చేయాలి. కాంట్రాక్టర్లకి ఇది నచ్చదు, ఒక రోజు పోతుంది కదా, కానీ ఆ ఒక్క రోజు దగ్గరే పెయింట్ ఎన్నేళ్లు ఉంటుందన్నది తేలుతుంది.

కంటితో చూసి తృప్తి పడొద్దు, బ్రెసిల్ ప్యాచ్ టెస్ట్ చేయించండి. చిన్న రబ్బరు ప్యాచ్‌ను స్టీల్‌కి అతికించి, సిరంజితో అందులోకి శుద్ధమైన నీళ్లు ఎక్కించి, లాగి, మళ్లీ ఎక్కించి, ఆ నీళ్ల కండక్టివిటీ కొలుస్తారు. కిట్‌తో వచ్చే లెక్క ప్రకారం చదరపు మీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పుందో తెలుస్తుంది. ఓడల బ్యాలస్ట్ ట్యాంకులకి (బరువు కోసం సముద్రపు నీళ్లు నింపేవి) అంతర్జాతీయ నిబంధన 50 మిల్లీగ్రాములు. ఉప్పుగాలిలో ఉండే స్ట్రక్చర్‌కీ అదే హద్దు పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. టెస్ట్ చేసే చోటు కాంట్రాక్టర్ చూపించింది కాకుండా మీరు ఎంచుకోండి, అడుగుభాగాలు, గుంటలున్న చోట్లు, వెల్డుల పక్కన.

బ్లాస్టింగ్ గ్రేడ్ ఎస్ఏ 2½ (లోహం దాదాపు తెల్లగా కనిపించేంత శుభ్రత) ఉండాలి, గరుకుదనం సాధారణంగా 50 నుంచి 75 మైక్రాన్లు, పెయింట్ కంపెనీ డేటా షీట్‌లో ఏముందో అదే ఫైనల్. పదునైన అంచుల్ని గ్రైండ్ చేసి సుమారు 2 మిల్లీమీటర్ల గుండ్రంగా చేయండి. తడి పెయింట్ పదును అంచు మీద నిలవదు, పక్కలకి లాగేసుకుంటుంది, మధ్యలో 300 మైక్రాన్లు ఉన్న పొర అంచు మీద అందులో చిన్న వంతుకి పలుచబడుతుంది, తుప్పు ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. వెల్డ్ చిందులు చెక్కేయండి. ప్రతి కోటుకీ ముందు అంచులకి, వెల్డులకి, బోల్టు తలలకి, హోల్స్ లోపలికి బ్రష్‌తో విడిగా ఒక కోటు వేయించాలి, స్ట్రైప్ కోట్ అంటారు. స్ప్రేతో కానిచ్చేస్తామంటే ఒప్పుకోవద్దు.

తేమ లెక్క చాలా ముఖ్యం. స్టీల్ ఉపరితలం డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటిగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలి, గాలిలో తేమ 85 శాతం దాటకూడదు. గాలి 30 డిగ్రీలు, తేమ 85 శాతం ఉంటే డ్యూ పాయింట్ దాదాపు 27.2 డిగ్రీలు, అంటే స్టీల్ 30.2 ఉండాలి. రాత్రంతా చల్లబడిన మందపాటి దూలం పొద్దున్నే అంత ఉండదు. అదే పది గంటలయ్యాక గాలి 32, తేమ 75 అనుకోండి, డ్యూ పాయింట్ 27, స్టీల్ 30 దాటితే చాలు, పని మొదలుపెట్టొచ్చు. మధ్యాహ్నం ఎండలో స్టీల్ 50 డిగ్రీలు దాటితే ఇంకో సమస్య, పెయింట్ పారకముందే ఆరిపోయి సూది రంధ్రాలు పడతాయి, కలిపిన డబ్బా త్వరగా గట్టిపడిపోతుంది. అందుకే ఇలాంటి చోట పెయింటింగ్‌కి రోజులో దొరికే మంచి గంటలు తక్కువే, ఆ ప్రకారమే ప్లాన్ వేసుకోవాలి. మీటర్ పెట్టి చదివిన అంకెలు రోజుకి మూడు నాలుగుసార్లు రాయించండి. బ్లాస్ట్ చేసిన స్టీల్‌కి అదే రోజు, వీలైతే నాలుగు గంటల్లోపే ప్రైమర్ పడాలి.

సి5లో సాధారణంగా నమ్మకంగా పనిచేసే కూర్పు ఇది: జింక్ రిచ్ (జింకు పొడి దట్టంగా ఉన్న) ఎపాక్సీ ప్రైమర్, మధ్యలో మందంగా ఎపాక్సీ, పైన పాలీయురేథేన్. మొత్తం మందం 260 నుంచి 320 మైక్రాన్ల దాకా. ఎపాక్సీని ఒట్టిగా ఎండకి వదిలేయకూడదు, పైపొర పొడిపొడిగా రాలుతుంది, ఆ పని పాలీయురేథేన్‌కే వదిలేయాలి. కోటుకీ కోటుకీ మధ్య ఒక రాత్రి గడిచినా ఉప్పు పడుతుంది, తర్వాతి కోటు ముందు మంచినీళ్లతో కడిగి ఆరనివ్వండి. తేమలో గట్టిపడిన ఎపాక్సీ మీద జిడ్డుగా తెల్లటి పొర తేలుతుంది, దాని మీద కొట్టిన కోటు పెచ్చుగా ఊడొస్తుంది, అది కూడా ఆ కడుగుడులోనే పోతుంది.

గాల్వనైజింగ్, బోల్టులు

6 మిల్లీమీటర్లు దాటిన స్టీల్‌కి హాట్ డిప్ గాల్వనైజింగ్‌లో, అంటే కరిగిన జింకులో ముంచితే, సగటున 85 మైక్రాన్ల జింకు పడుతుంది. సి5లో జింకు ఏడాదికి 4.2 నుంచి 8.4 మైక్రాన్లు కరుగుతుంది, లెక్క వేస్తే పది నుంచి ఇరవై ఏళ్లు. దాని మీద సరైన ప్రైమర్‌తో పెయింట్ కూడా వేస్తే రెండూ విడివిడిగా ఇచ్చే ఆయుష్షులు కలిపిన దానికంటే ఎక్కువే వస్తుంది, ఎందుకంటే జింకు పెయింట్ కిందికి తుప్పు పాకనివ్వదు, పెయింట్ జింకును కరగనివ్వదు.

మెరిసే ఎలక్ట్రోప్లేటెడ్ బోల్టుల మీద ఉండే జింకు మాత్రం 5 నుంచి 12 మైక్రాన్లే. ఏడాది రెండేళ్లలో ఎర్రబడతాయి. లక్షల విలువైన స్ట్రక్చర్‌ని అలాంటి బోల్టులతో బిగించడం నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది. హాట్ డిప్ బోల్టులే అడగండి, నట్టు కూడా అదే రకం అవ్వాలి.

రెండు లోహాలు కలిసే చోట ఒక నియమం గుర్తుంచుకుంటే చాలు: త్వరగా కరిగే లోహం చిన్నదిగా, కరగని లోహం పెద్దదిగా ఉండకూడదు. పెద్ద స్టెయిన్‌లెస్ ప్లేటుకి చిన్న ఇనుప బోల్టు పెడితే బోల్టు చూస్తుండగానే పోతుంది. పెద్ద స్టీల్ ప్లేటుకి స్టెయిన్‌లెస్ బోల్టు పెడితే నష్టం చాలా తక్కువ. అల్యూమినియం రేకుకి స్టెయిన్‌లెస్ స్క్రూ పెట్టినా ఉప్పు తడిలో స్క్రూ చుట్టూ తెల్లటి పొడి తేలుతుంది, నైలాన్ వాషర్‌తో, స్లీవ్‌తో విడదీయాలి. పెయింట్ వేస్తే రెండు లోహాలకీ వేయండి, ఒక్కదానికే అంటే కరగని లోహానికి వేయండి.

స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టదని కాదు

304 గ్రేడు సముద్రపు గాలిలో కొన్ని నెలల్లోనే గోధుమరంగు మరకలు పట్టొచ్చు. 316లో మాలిబ్డినం ఉంటుంది కాబట్టి మెరుగ్గా నిలుస్తుంది, అయినా కడగకుండా వదిలేస్తే దానికీ మరకలు తప్పవు. నేరుగా కెరటాల తుంపర తగిలే చోట 2205 డ్యూప్లెక్స్ అనే ఇంకా మెరుగైన స్టెయిన్‌లెస్ గ్రేడు గురించి ఆలోచించాలి. గ్రేడుతో పాటు ఫినిష్ కూడా అడగండి: నునుపుగా, సగటు గరుకుదనం 0.5 మైక్రాన్ల కంటే తక్కువ ఉన్నది ఉప్పును పట్టుకోదు. మామూలు ఇనుప వైర్ బ్రష్‌తో స్టెయిన్‌లెస్‌ని రుద్దనివ్వకండి, దాని మీద గ్రైండింగ్ నిప్పురవ్వలు పడనివ్వకండి, ఆ ఇనుప రజనే ముందు తుప్పు పట్టి గుంటలకి దారి తీస్తుంది. వెల్డింగ్ తర్వాత వచ్చే నీలిరంగు మచ్చను పిక్లింగ్ పేస్ట్ అనే ఆమ్లపు ముద్దతో తీసేయాలి. ఇక 60 డిగ్రీలకి పైన నడిచే 304, 316 పైపులకి ఉప్పు చేరితే ఏ హెచ్చరికా లేకుండా పగుళ్లొస్తాయి. మందం కొలిస్తే పూర్తిగానే చూపిస్తుంది, అందుకే అలాంటి చోట పగుళ్లలోకి రంగు ఇంకించి చూసే డై పెనెట్రెంట్ టెస్ట్ తప్పదు.

ఇన్సులేషన్ కింద

పైన అల్యూమినియం రేకు మెరుస్తుంటుంది, కింద పైపు స్పాంజిలా తడిసిన ఇన్సులేషన్‌లో నానుతుంటుంది. కార్బన్ స్టీల్‌కి దాదాపు సున్నాకి కాస్త దిగువ నుంచి 175 డిగ్రీల దాకా ఈ ప్రమాదం ఉంది, వేడెక్కి చల్లబడుతూ ఉండే లైన్లయితే మరీనూ. అన్నిటికంటే ముందు అడగాల్సింది, అసలు ఇక్కడ ఇన్సులేషన్ కావాలా? చేయి కాలకుండా మాత్రమే చుట్టినదైతే తీసేసి జాలీ గార్డు పెట్టండి, సమస్యే పోతుంది. కావాల్సిన చోట పైపుకి నీళ్లలో మునిగినా తట్టుకునే కోటింగ్ వేయించండి, లేదా వేడి అల్యూమినియం స్ప్రే. రేకు అతుకులు నీళ్లు జారే వైపుకి ఉండాలి. వెతికేటప్పుడు నిలువు లైను అట్టడుగు, వాల్వులు, సపోర్టులు, గేజ్ పాయింట్లు పొడుచుకొచ్చిన చోట్లు, ఎవరో ఎక్కి నిలబడి నొక్కుకుపోయిన రేకులు ముందు విప్పండి.

కాంక్రీటు

కాంక్రీటులో కడ్డీకి రక్షణ దాని క్షారగుణమే, పీహెచ్ 12.5కి పైనే ఉంటుంది, అందులో స్టీల్ మీద పలుచని రక్షణ పొర నిలుస్తుంది. సిమెంటు బరువులో సుమారు 0.4 శాతం క్లోరైడ్ కడ్డీ దగ్గరికి చేరితే ఆ పొర చెదురుతుందని మామూలుగా లెక్క వేస్తారు. తుప్పు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, కడ్డీని కప్పి ఉన్న కవర్ కాంక్రీటు బీటలిచ్చి పెచ్చులుగా రాలుతుంది. ఆ బీట కనిపించే సరికి లోపల చాలా జరిగిపోయి ఉంటుంది.

కొత్తగా కట్టేటప్పుడు మీ చేతిలో ఉన్నవి మూడే, ఆ మూడూ గట్టిగా పట్టుకోండి. మొదటిది నీళ్లు. నీరు సిమెంటు నిష్పత్తి 0.40 దాటనివ్వొద్దు, పారడానికి ప్లాస్టిసైజర్ వాడండి కానీ పైప్ పెట్టి నీళ్లు కలపనివ్వొద్దు. రెండోది సిమెంటు కూర్పు. స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం) లేదా ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) కలిపింది క్లోరైడ్‌ను చాలా నెమ్మదిగా చొరనిస్తుంది, కాకపోతే క్యూరింగ్ ఎక్కువ రోజులు కావాలి. ఉప్పు నీళ్లు, కడగని సముద్రపు ఇసుక దగ్గరికి కూడా రాకూడదు, క్యూరింగ్‌కి కూడా. మూడోది కవర్. తుంపర తగిలే చోట 50 నుంచి 75 మిల్లీమీటర్లు. ఉప్పు లోపలికి చేరే తీరును బట్టి కవర్ రెట్టింపైతే కడ్డీ దాకా రావడానికి పట్టే కాలం సుమారు నాలుగు రెట్లవుతుంది, అదే కవర్ సగమైతే నాలుగో వంతే. అందుకే కాంక్రీటు పోసేముందు కవర్ బ్లాకులు విరిగాయా, కడ్డీలు తొక్కి వంచారా అని టేప్ పెట్టి మీరే చూడండి. బైండింగ్ వైర్ కొనలు లోపలికి వంచాలి, కవర్‌లోకి పొడుచుకొచ్చిన ఒక్క కొన కూడా తుప్పుకి దారి చూపిస్తుంది.

మరీ ముఖ్యమైన కట్టడాలకి స్టెయిన్‌లెస్ కడ్డీలు ఆలోచించొచ్చు. మెక్సికోలోని ప్రోగ్రెసోలో 1941లో పూర్తయిన పీరులో (సముద్రంలోకి కట్టిన రేవు వంతెనలో) 304 రకం కడ్డీలు వాడారు, వేడి, తేమ, ఉప్పు మూడూ ఉన్న చోట అది దశాబ్దాలుగా పనిచేస్తోంది. తర్వాత ఎప్పుడో దాని పక్కనే మామూలు కడ్డీలతో కట్టిన పీరు శిథిలమైపోయింది. ఎపాక్సీ పూసిన కడ్డీల మీద మాత్రం గుడ్డి నమ్మకం పెట్టుకోవద్దు. అమెరికాలోని ఫ్లోరిడా కీస్ దీవుల వంతెనల్లో తుంపర తగిలే స్తంభాల్లో అవి 1980ల్లోనే, అంటే కట్టిన కొద్ది ఏళ్లకే తుప్పు పట్టడం బయటపడింది.

రిపేరు సంగతి. సుత్తితో తట్టి బోలుగా మోగే చోటు గీయండి, దానికి తోడు కాంక్రీటు మీదనుంచి కడ్డీ వోల్టేజీ కొలిచే హాఫ్ సెల్ టెస్ట్ చేయించండి. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే దిగువ వస్తే అక్కడ తుప్పు నడుస్తోందనుకోవడానికి 90 శాతం పైన అవకాశం ఉంది. పెచ్చు ఊడినంత మేరకే చెక్కి సిమెంటు పూయడం దండగ పని. కడ్డీ వెనక కూడా 20, 25 మిల్లీమీటర్లు ఖాళీ వచ్చేలా, తుప్పు ఆగిపోయి శుభ్రమైన కడ్డీ కనిపించేదాకా చెక్కాలి. ఇక్కడో చిక్కుంది. రిపేరు చేసిన చోట కడ్డీ కొత్త కాంక్రీటులో బాగుపడుతుంది, ఇన్నాళ్లూ దాని వల్ల పరోక్షంగా రక్షణ పొందిన పక్క భాగం ఇప్పుడు తుప్పు పట్టడం మొదలుపెడుతుంది. రెండు మూడేళ్లలో ప్యాచ్ చుట్టూ కొత్త బీటలు కనిపించేది ఇందుకే. ప్యాచ్ అంచుల్లో కడ్డీకి చిన్న జింకు ఆనోడ్లు (కడ్డీ బదులు తామే కరిగిపోయే ముక్కలు) కట్టి మూస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది.

నీళ్లలో, నీటి అంచున

జెట్టీ పైల్స్‌లో, అంటే నీళ్లలో దిగ్గొట్టిన స్తంభాల్లో, అన్నిటికంటే త్వరగా పోయేది పూర్తిగా మునిగిన భాగం కాదు, పోటు మట్టానికి కాస్త పైన, తుంపర పడి ఆరుతూ ఉండే భాగం. అక్కడ ఆక్సిజన్ ధారాళంగా దొరుకుతుంది, తడీ పోదు. దానికి కాథోడిక్ రక్షణ (ఆనోడ్ల నుంచి కరెంటు పంపి తుప్పు ఆపడం) అందదు, ఎందుకంటే ఆ కరెంటు నీళ్ల గుండానే ప్రవహించాలి. కాబట్టి అక్కడ మందపాటి కోటింగ్, పెట్రోలేటం (వాసెలిన్ లాంటి జిడ్డు) టేపు మీద ఫైబర్‌గ్లాస్ తొడుగు లాంటివి కావాలి. మునిగిన భాగానికి ఆనోడ్లు సరిపోతాయి, ఈ ఉపాయం 1824లో బ్రిటిష్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఓడల రాగి తొడుగు మీద ప్రయోగించిందే. ఆటుపోట్ల కనిష్ఠ మట్టం దగ్గర సూక్ష్మజీవుల వల్ల గుంటలు పడటం కూడా ఉంటుంది, డైవర్‌ని పంపినప్పుడు అక్కడ నారింజ రంగు మెత్తటి పొర కింద నల్లటి బంక, మెరిసే స్టీల్ కనిపిస్తున్నాయేమో చూడమనండి.

ప్యానెళ్లు

ఎలక్ట్రికల్ ప్యానెల్ లోపల రాత్రిపూట నీళ్లు పట్టకుండా చిన్న హీటరు నడుస్తూ ఉండాలి, ముఖ్యంగా ప్యానెల్ ఆపేసి ఉన్నప్పుడు. కేబుళ్లు పైనుంచి కాకుండా అడుగునుంచి రావాలి, వాడని గ్లాండ్ రంధ్రాలు (కేబుల్ దూరే చోట్లు) మూసేయాలి. రాగి లగ్గులకి తగరం పూత ఉన్నవే వాడండి. ఎక్కడైనా నల్లబడిన టెర్మినల్ కనిపిస్తే బిగించి ఊరుకోకుండా విప్పి శుభ్రం చేయండి. కంట్రోల్ రూమ్‌లో కాస్త పాజిటివ్ ప్రెజర్ ఉంటే తలుపు తెరిచినా ఉప్పుగాలి లోపలికి రాదు.

ఏది ముందు చూడాలి

అన్నీ ఒకేసారి చేయలేరు. పోతే మనుషులకి ప్రమాదమయ్యేవి, అంటే హ్యాండ్ రెయిల్స్, గ్రేటింగులు, లిఫ్టింగ్ లగ్గులు, ప్రెజర్ లైన్లు, ముందు చూడండి. మందం కొలిచే పాయింట్లని చిన్న పంచ్ గుర్తుతోనో, డ్రాయింగ్ మీద నంబరుతోనో కచ్చితంగా గుర్తించండి, లేకపోతే ఈ ఏడాది అంకె పోయినేడాది అంకెతో పోల్చడానికి పనికిరాదు. ఉదాహరణకి పైపు మందం మూడేళ్ల కింద 8 మిల్లీమీటర్లు, ఇప్పుడు 7.1, కనీసం ఉండాల్సింది 5 అనుకుందాం. ఏడాదికి 0.3 పోతోంది, మిగిలింది 2.1, అంటే ఏడేళ్లు. తర్వాతి కొలతకి ఏడేళ్లు ఆగకూడదు, మిగిలిన ఆయుష్షులో సగం దాటకముందే, అంటే మూడున్నరేళ్లలోపే మళ్లీ కొలవాలి. గుంటలు పడే రకం తుప్పయితే ఈ సగటు లెక్క నమ్మకుండా అన్నిటికంటే లోతైన గుంట దగ్గరి అంకె తీసుకోండి.